మాయ పడేదాకా ఆగొద్దు: ఈనే ఆవుకు, ఎనుముకు, పుట్టిన దూడకు చేయాల్సినవన్నీ

దూడకు పాలు ఎప్పుడు వదలాలని అడిగితే అనంతపురం పల్లెల్లో ఇప్పటికీ చాలా ఇళ్ళలో వచ్చే జవాబు ఒకటే: "మాయ పడనీ, తర్వాత చూద్దాం." మాయ ఒక్కోసారి రెండు గంటల్లో పడుతుంది, ఒక్కోసారి తెల్లారినా పడదు. అంతసేపూ దూడ కడుపు ఖాళీగానే ఉంటుంది. వారం పది రోజులకు అది పారుకుని చచ్చిపోతే దిష్టి తగిలిందనో, గాలి సోకిందనో అనుకుంటాం. అసలు పొరపాటు మొదటి రోజే జరిగిపోయింది. అందుకే ఈ వ్యాసంలో గడియారం మాట పదే పదే వస్తుంది. ఈనే పశువు దగ్గర ఏ పని ఎలా చేయాలన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు చేయాలన్నదీ అంతే ముఖ్యం.

లెక్క రాసిపెట్టుకోవడం

ఆవు సుమారు 280 రోజులు మోస్తుంది, ఎనుము 310 రోజులు. పెద్దవాళ్ళ లెక్కలో తొమ్మిది నెలల తొమ్మిది రోజులు, పది నెలల పది రోజులు. చూడి కోసం సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన తేదీని కొట్టం గోడ మీదో, క్యాలెండర్‌లోనో రాసుకోండి. వారం పది రోజులు అటూ ఇటూ అవడం మామూలే. ఎనుములు ఎక్కువగా చలికాలంలో ఎదకొస్తాయి కాబట్టి ఈతలు శ్రావణం నుంచి కార్తీకం దాకా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అవే మనకు ముసురు రోజులు, ఈగల రోజులు, శెనక్కాయ పీకే రోజులు. ఇంట్లో అందరూ చేనికి పోయిన పూటే పశువు ఈనుతుంది. లెక్క తెలిస్తే ఆ వారం ఒకరు ఇంటిపట్టున ఉండొచ్చు.

రెండు నెలల ముందు: పాలు ఆపడం, మేత

ఈనడానికి 60 రోజుల ముందు పాలు తీయడం ఆపాలి. "ఇంకా రెండు లీటర్లు ఇస్తోంది కదా" అని పిండుకుంటూ పోతే వచ్చే ఈతలో పాలు తగ్గుతాయి, ముర్రుపాలు పలచబడతాయి. పూటకు లీటరో రెండో ఇచ్చేదాన్ని ఒక్కసారే ఆపేయొచ్చు. ఎక్కువ ఇచ్చేదానికి దాణా తగ్గించి, మొదట ఒక పూట మానేసి, తర్వాత రోజు విడిచి రోజు తీస్తూ వారంలో ఆపండి. చివరిసారి పూర్తిగా పిండి, నాలుగు చన్నుల్లోకీ వట్టిపోయిన పశువులకు వాడే పొదుగు ట్యూబులు డాక్టరు చేత ఎక్కించండి. పోయిన ఈతలో పొదుగువాపు వచ్చిన పశువుకైతే ఇది తప్పనిసరి.

ఈ రెండు నెలలూ మామూలు మేతతో పాటు రోజుకు ఒకటిన్నర నుంచి 2 కిలోల దాణా పెట్టాలి. కడుపులో దూడ బరువు పెరిగేది ఎక్కువగా ఇప్పుడే. అయితే మరీ బలిసిన పశువు ఈనేటప్పుడు కష్టపడుతుంది, ఈనాక మేత మానేస్తుంది. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి, కంటికి మాత్రం పొడుచుకొచ్చి కనబడకూడదు.

మన జిల్లాలో తప్పకుండా చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. శెనక్కాయ కట్టె (కాయలు తీసేసిన ఎండు చెట్టు) మంచి మేత, పశువు ఇష్టంగా తింటుంది. కాకపోతే అందులో సున్నం (కాల్షియం) ఎక్కువ. ఈనే ముందు మూడు వారాల పాటు మేత నిండా సున్నమే ఉంటే, ఎముకల్లో దాచుకున్న సున్నాన్ని రక్తంలోకి తీసుకునే పని పశువు ఒంట్లో మందగిస్తుంది. ఈనగానే పొదుగులోకి పాలు దిగేసరికి రక్తంలో సున్నం ఒక్కసారిగా పడిపోయి పశువు కూలబడుతుంది. పాలజ్వరమంటే ఇదే. కాబట్టి చివరి మూడు వారాలు కట్టె తగ్గించి, జొన్న చొప్ప, వరిగడ్డి, పచ్చిగడ్డి ఎక్కువ వేయండి. చూడితో ఉంది కదా, బలమొస్తుందని కాల్షియం సీసాలు తాపేది కూడా ఈ మూడు వారాల్లో వద్దు. ఈనాక తాపండి, అప్పుడే దానికి అవసరం. వానకు తడిసి బూజు పట్టిన కట్టె, నల్లబడిన శెనక్కాయ చెక్క మాత్రం ఏ నెలలోనూ పెట్టొద్దు. ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పాలలోకీ దిగుతుంది.

వారం ముందు: చోటు, సామాన్లు

చూడి పశువును మందలోంచి విడదీసి, కాలు జారని మట్టినేల మీద కట్టండి. నున్నటి బండలు, సిమెంటు గచ్చు మీద ఈనే పశువు జారి పడితే తుంటి పోతుంది. నాలుగైదు అంగుళాల మందాన పొడి వరిగడ్డి పరచండి. పలుపు పొడుగ్గా ఉండాలి, పశువు పడుకుని తల తిప్పగలగాలి. వేసవి ఈతైతే నీడ, ఎప్పుడూ నిండుగా ఉండే నీళ్ళతొట్టి ముఖ్యం. ముసురులో ఈదురుగాలి వచ్చే వైపు పట్టానో తడికో కట్టండి.

ఒక బకెట్‌లో ఈ సామాన్లు సర్దిపెట్టుకోండి: ఉడకబెట్టి ఆరబెట్టిన వేలిమందం నూలు తాళ్ళు రెండు (ఒక్కోటి మీటరున్నర), ప్లాస్టిక్ గ్లోవ్స్, సబ్బు, కొత్త కొబ్బరినూనె సీసా, పొవిడోన్ అయోడిన్ సీసా, లావు దారం, కొత్త బ్లేడు, పొడి గోనెసంచులు రెండు, టార్చి, థర్మామీటరు, రబ్బరు పీక ఉన్న రెండు లీటర్ల సీసా, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. వీటితో పాటు మీ పశువైద్యుని నంబరు, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుని నంబరు, సంచార పశువైద్య వాహనం కోసం 1962. రాత్రి పూట ఎవరు వస్తారో పగలే అడిగి పెట్టుకోండి.

ఈనే సూచనలు

పొదుగు దిగడం వారం పది రోజుల ముందే మొదలవుతుంది, తొలిచూలు పడ్డకు ఇంకా ముందే కనబడొచ్చు. కాబట్టి పొదుగును చూసి రోజు చెప్పలేం. నమ్మదగిన గుర్తు తోక మొదట్లో ఉంటుంది. తోకకు రెండు పక్కలా, తుంటి ఎముకకూ తోకకూ మధ్య తాడులా బిగుసుకున్న నరం ఒకటి చేతికి తగులుతుంది. రోజూ సాయంత్రం అక్కడ వేళ్ళతో నొక్కి చూడండి. అది వదులై, మెత్తబడి, ఆ చోట గుంటలు పడ్డాయంటే ఇక ఒకటి రెండు రోజులే. మానం వాచి వేలాడుతుంది, చిక్కటి జిగట తీగలా జారుతుంది. ఈనే ముందు రోజు ఒంటి వేడి ఒక డిగ్రీ దాకా తగ్గుతుంది.

నొప్పులు మొదలయ్యాక పశువు లేస్తుంది, పడుకుంటుంది, డొక్క వైపు తిరిగి చూస్తుంది, మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తుంది. ఈ దశ 2 నుంచి 6 గంటలు, పడ్డకు 12 గంటల దాకా పడుతుంది. దూరంగా కూర్చుని కనిపెట్టుకుని ఉండడమే మీ పని. చుట్టూ పదిమంది గుమిగూడితే పశువు బెదిరి నొప్పులు ఆగిపోతాయి.

ఈనేటప్పుడు

ఉమ్మనీటి సంచి కనబడగానే టైము చూసుకోండి. సంచిని మీరు చించొద్దు. అది దారిని సాగదీస్తూ వస్తుంది, పగిలితే ఆ నీళ్ళే దూడ జారడానికి నూనెలా పనిచేస్తాయి. అక్కణ్ణుంచి రెండు మూడు ఈతలు ఈనిన పశువుకు గంటలోపు, పడ్డకు రెండు గంటల్లోపు పని ముందుకు సాగుతూ కనబడాలి. అరగంట గట్టిగా ముక్కినా కాళ్ళు అంగుళం కూడా కదలకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి.

సవ్యంగా వచ్చే దూడ ఈతకొట్టే మనిషిలా వస్తుంది. ముందు రెండు ముంగాళ్ళు, గిట్టల అడుగు భాగం నేల వైపు, మోకాళ్ళ మీద ఆనించిన మూతి. ఈ మూడూ కనబడితే చేయి పెట్టొద్దు. గిట్టల అడుగు ఆకాశం వైపు ఉంటే అవి బహుశా వెనక్కాళ్ళు. అనుమానముంటే గోళ్ళు తీసేసి, మోచేతి దాకా సబ్బుతో కడుక్కుని, గ్లోవ్ వేసుకుని, నూనె రాసుకుని లోపల తడిమి చూడండి. గిట్ట నుంచి పైకి మొదటి రెండు కీళ్ళూ ఒకే వైపు మడిస్తే ముంగాలు. ఒకటి ఒక వైపు, రెండోది ఎదురు వైపు మడిస్తే వెనక్కాలు.

ఒక్క కాలే వచ్చినా, తల వెనక్కి తిరిగి ఉన్నా, తోక మాత్రమే చేతికి తగిలినా లాగడం మొదలుపెట్టొద్దు. ఎంత లాగితే అంత బిగుసుకుంటుంది. అది డాక్టరు పని.

మూడూ సవ్యంగా ఉండి పశువు అలిసిపోతేనే సాయం చేయాలి. తాడును గిట్ట పైనున్న కీలుకు పైన ఒక ఉచ్చు, కీలుకు కింద ఇంకో మడత వేసి కట్టండి. ఒకే ఉచ్చుతో లాగితే బరువంతా ఒకచోటే పడి లేత ఎముక విరుగుతుంది. పశువు ముక్కినప్పుడే లాగండి, ఆగినప్పుడు ఆగండి. రెండు కాళ్ళూ ఒక్కసారి కాకుండా ఒకటి తర్వాత ఒకటి లాగితే భుజాలు సందు చేసుకుని వస్తాయి. తల బయటపడ్డాక లాగే దిక్కు మారాలి. నేరుగా వెనక్కి కాకుండా పశువు మడమల వైపు, కిందికి లాగాలి. ఇద్దరి బలం చాలకపోతే ఆపేయండి. నలుగురైదుగురు లాగితే దూడా పోతుంది, తల్లి తుంటి నరాలూ పోతాయి.

వెనక్కాళ్ళు ముందొస్తే కంగారక్కర్లేదు, తాత్సారం మాత్రం పనికిరాదు. దూడ నడుము బయటపడేసరికి బొడ్డుతాడు లోపల నలిగిపోతుంది, తల ఇంకా నీళ్ళలోనే ఉంటుంది. అక్కణ్ణుంచి రెండు మూడు నిమిషాల్లో దూడ బయటికి రావాలి.

ఎనుము విషయంలో ఇంకొకటి చూసుకోవాలి. నొప్పులు పడుతుంది, తన్నుకుంటుంది, మేత ముట్టదు, గంటలు గడిచినా నీటిసంచి మాత్రం కనబడదు. "ఇంకా టైం ఉందేమో" అనుకుంటూ రాత్రంతా ఆగితే తెల్లారేసరికి దూడ చచ్చి ఉంటుంది. గర్భసంచి మెలిక పడితే జరిగేది ఇదే, ఆవుల కంటే ఎనుముల్లో ఇది చాలా ఎక్కువ. డాక్టరు ఎనుమును పడుకోబెట్టి, డొక్క మీద పలక వేసి పొర్లించి మెలిక విప్పుతారు. తొందరగా పిలిస్తే చాలా వరకు కోత అవసరం రాదు.

నొప్పులు రావడం లేదని మందుల షాపులో తెచ్చిన "పాల ఇంజెక్షన్" (ఆక్సిటోసిన్) సొంతంగా వేయొద్దు. దారి తెరుచుకోకుండా గర్భసంచి బలంగా ముడుచుకుంటే చిరిగిపోతుంది.

దూడ నేల మీద పడ్డాక మొదటి పావుగంట

ముక్కు, నోటిలోని జిగట వేళ్ళతో తీసేయండి. నిమిషంలోపు ఊపిరి అందుకోవాలి. అందుకోకపోతే గడ్డిపరకను ముక్కులో మూడు నాలుగు అంగుళాలు దూర్చి కదపండి, తుమ్ముతుంది, ఆ తుమ్ముతోనే ఊపిరి మొదలవుతుంది. చెవిలో, నెత్తి మీద చల్లనీళ్ళు చిలకరించండి, గోనెపట్టాతో పక్కలు గట్టిగా రుద్దండి. వెనక్కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీసేది చాలామందికి అలవాటు. కారే నీళ్ళలో ఎక్కువ భాగం కడుపులోంచి వచ్చేదే, పైగా పేగుల బరువంతా ఊపిరితిత్తుల మీద పడి దూడకు ఊపిరాడదు. దానికి బదులు రొమ్ము మీద బోర్లా కూర్చోబెట్టి, కాళ్ళు రెండు పక్కలకూ మడవండి. రెండు ఊపిరితిత్తులూ తెరుచుకుంటాయి.

తర్వాత దూడను తల్లి ముందర వేయండి. నాకకపోతే దూడ మీద పిడికెడు తవుడు, కాస్త ఉప్పు చల్లండి. తల్లి నాకుడుతో దూడ ఆరుతుంది, రక్తం పరుగెత్తుతుంది, తల్లి పాలు చేపుతుంది.

బొడ్డు చాలా ఇళ్ళలో ఎవరూ పట్టించుకోరు. అది ఒంట్లోకి తెరిచి ఉన్న దారి. పొడుగ్గా వేలాడుతుంటే పొట్ట నుంచి రెండంగుళాలు వదిలి అయోడిన్‌లో నానిన దారంతో కట్టి, ముడికి అర అంగుళం కింద కొత్త బ్లేడుతో కోయండి. చిన్న గిన్నెలో అయోడిన్ పోసి, బొడ్డంతా మునిగేలా పొట్టకు ఆనించి అర నిమిషం పట్టండి. పైపైన పూస్తే చాలదు. మూడు రోజులు, రోజుకు రెండుసార్లు ఇలాగే చేయాలి. పేడ, బూడిద, మట్టి పెట్టొద్దు, ధనుర్వాతం దాంతోనే వస్తుంది. బొడ్డు వేడిగా, లావుగా తయారైతే చీము పట్టినట్టే. వారానికి మోకాళ్ళు వాచి దూడ కుంటుతుంది. ముసురు రోజుల్లో ఈగ వాలి పురుగు పడుతుంది కాబట్టి, ఎండిన బొడ్డు రాలేదాకా రోజూ పొట్ట కింద చూడండి.

ముర్రుపాలు: మొదటి గంట

మనిషి బిడ్డకు తల్లి కడుపులోనే కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. దూడకు అలా అందదు, మాయ దాన్ని దాటనివ్వదు. దూడకు దొరికేదంతా ముర్రుపాలలోనే ఉంది. ఆ రక్షక కణికలను (యాంటీబాడీలను) పేగు గోడ చెడకుండా లోపలికి తీసుకునేది కొన్ని గంటలే. మొదటి రెండు గంటల్లో బాగా తీసుకుంటుంది, ఆరు గంటలకు బాగా తగ్గుతుంది, ఒక రోజు గడిచేసరికి తలుపు మూసుకున్నట్టే. మాయ కోసం ఆగితే పోయేది ఈ గంటలే. ఆగడం వల్ల ఒరిగేది ఏమీ లేకపోగా, దూడ చన్ను చీకితే తల్లి ఒంట్లో పుట్టే ఆక్సిటోసిన్‌తో గర్భసంచి ముడుచుకుని మాయ పడటానికి సాయమవుతుంది.

పొదుగును గోరువెచ్చని నీళ్ళతో కడిగి, తుడిచి, ప్రతి చన్ను నుంచి రెండు ధారలు వదిలేసి, గంటలోపు దూడను చన్నుకు పట్టండి. చూపుడు వేలిని దూడ నోట్లో పెట్టి అది చీకడం మొదలుపెట్టగానే మెల్లగా చన్ను వైపు నడిపిస్తే అందుకుంటుంది. 25 కిలోల దూడ ఒక రోజులో కనీసం రెండున్నర లీటర్లు, అంటే ఒంటి బరువులో పదో వంతు తాగాలి. అందులో లీటరు పైగా మొదటి రెండు గంటల్లో, ఇంకో లీటరు ఆరు గంటల్లోపు కడుపులో పడాలి. అది నిలబడలేకపోతే పిండి పీకసీసాతో తాపండి. తల మరీ పైకెత్తొద్దు, చన్ను తాగే ఎత్తులోనే ఉంచండి. వెదురు గొట్టంతో గొంతులో పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ దూడ రెండు రోజులకు ఎగపోస్తూ చనిపోతుంది.

జున్ను ఇంటికీ ఇరుగుపొరుగుకూ ఇష్టమే, అమ్ముకుంటే మంచి ధరా వస్తుంది. మొదటి రోజు పాలు మాత్రం దూడవే. దూడ కడుపు నిండాక మిగిలితే ఒక లీటరు శుభ్రమైన సీసాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఇంకో ఆవు ఈని చనిపోయినా, పాలు చేపకపోయినా ఆ సీసా దూడ ప్రాణం నిలబెడుతుంది. దాన్ని గోరువెచ్చని నీళ్ళలో ఉంచి కరిగించండి, పొయ్యి మీద కాచొద్దు. కాస్తే జున్నవుతుంది, రక్షణ పోతుంది. గుడ్లు, ఆముదం కలిపిన పాలు కొందరు చెబుతారు. అవి బలానికే, ముర్రుపాలకు బదులు కావు.

నల్లటి జిగట పేడ మొదటి 12 గంటల్లో పడాలి. ముర్రుపాలు తాగిన దూడకు మామూలుగా అదే పడుతుంది.

తల్లి పని

ఈనగానే గోరువెచ్చని నీళ్ళు తాగినంత పెట్టండి, అందులో పావుకిలో బెల్లం, రెండు పిడికిళ్ళ తవుడు, కాస్త ఉప్పు. రాగి గంజి ఉంటే ఇంకా మంచిది. నాలుగు చన్నులూ పిండి చూడండి. పాలలో రక్తపు చారలు, విరుగుళ్ళు ఉన్నాయా గమనించండి.

మాయ 8 గంటల్లో పడిపోవాలి, 12 దాటితే డాక్టరుకు చెప్పండి. వేలాడుతున్న మాయకు రాయి, పాత చెప్పు కట్టేది కొన్ని ఊళ్ళలో ఉంది. ఆ బరువుకు మాయ తెగి ముక్క లోపల మిగిలితే కుళ్ళుతుంది, లేదా గర్భసంచే బయటికి జారుతుంది. పడిన మాయను మర్రిచెట్టుకు కట్టకుండా, కుక్కలకు వదలకుండా లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చండి. ఈసుకుపోయే జబ్బు (నెలలు నిండకముందే దూడ పడిపోయే బ్రూసెల్లోసిస్) ఉన్న పశువైతే మాయలోనూ, ఉమ్మనీటిలోనూ ఆ క్రిములు ఉంటాయి, మనుషులకూ అంటుతాయి. విడవని జ్వరం, కీళ్ళ నొప్పులు వస్తాయి. గ్లోవ్స్ అందుకే.

గర్భసంచి బయటికొస్తే (మెయ్య దిగితే) తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, కాకులు, కుక్కలు ముట్టకుండా పశువు మానం ఎత్తులో ఇద్దరు పట్టుకోండి. డాక్టరు వచ్చేదాకా అంతే, లోపలికి తోయొద్దు.

పాలజ్వరం పేరుకే జ్వరం, నిజానికి ఒళ్ళు చల్లబడుతుంది. ఈనిన మూడు రోజుల్లోపు, మూడో ఈత దాటిన మంచి పాలావు తూలుతుంది, కూలబడుతుంది, చెవులు చల్లబడతాయి, మెడ డొక్క వైపు మడిచి పడుకుంటుంది. పక్కకు ఒరిగిపోకుండా గోనెసంచుల్లో మట్టి నింపి రెండు వైపులా ఆనించండి. నోట్లో ఏదీ పోయొద్దు, మింగే శక్తి ఉండదు. కాల్షియం సీసాను డాక్టరే నరంలోకి, మెల్లగా ఎక్కించాలి. వేగంగా ఎక్కిస్తే గుండె ఆగుతుంది. ముందుజాగ్రత్తగా ఇలాంటి ఆవుకు మొదటి రెండు మూడు రోజులు పొదుగు పూర్తిగా ఖాళీ చేయకండి.

ఎర్రటి మైల 10, 15 రోజులు పడటం మామూలే. కుళ్ళు వాసన వేసి, ఒంటి వేడి 103 డిగ్రీలు దాటితే లోపల చీము పట్టినట్టు.

మొదటి మూడు నెలల్లో దూడ

ఒంటి బరువులో పదో వంతు పాలు, రెండు పూటలా, ఒకే వేళకు. కడవ నిండాలని దూడకు ఒక్క చన్నే వదిలేస్తే, ముఖ్యంగా కోడెదూడకు, ఎనుము దున్నదూడకు, నెల తిరిగేసరికి తోలూ ఎముకలే మిగులుతాయి.

తెల్లగా పారుకుంటే పాలు మాన్పించొద్దు. దూడ చచ్చేది నీళ్ళు పోయి. ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, పాలకూ దానికీ రెండు గంటల ఎడం ఉంచి, రోజుకు 2 నుంచి 4 లీటర్ల దాకా కొద్దికొద్దిగా తాపండి. మెడ మీద తోలు పట్టి లాగి వదిలితే రెండు క్షణాలకు మించి మడతగానే నిలిచినా, కళ్ళు గుంటలు పడినా, నోటి లోపల చల్లగా తగిలినా ఇక తాపడం చాలదు. సెలైన్ కావాలి, వెంటనే తీసుకెళ్ళండి.

ఎనుము దూడలకు ఏలికపాములు తల్లి పాల ద్వారానే వస్తాయి, మేత ముట్టని పసిదూడకు కూడా. పొట్ట ఉబ్బి, మట్టిరంగు వాసన పేడ వేస్తూ రెండు నెలల్లోపే పోయే దూడల్లో చాలా వాటికి కారణం ఇదే. 10 నుంచి 15 రోజుల మధ్య మొదటి నట్టల మందు, తర్వాత ఆరు నెలలదాకా నెలకోసారి, దూడ బరువు చెప్పి డాక్టరు చేత మోతాదు రాయించుకుని తాపండి.

రెండో వారం నుంచి లేత గడ్డి, పిడికెడు దాణా, మంచినీళ్ళు అందుబాటులో పెట్టండి. నాలుగో నెలలో గాలికుంటు టీకా, ఆరో నెలలో గొంతువాపు, జబ్బవాపు టీకాలు. పెయ్యదూడకు, ఎనుము పెయ్యకు 4 నుంచి 8 నెలల మధ్య ఈసుకుపోయే జబ్బు టీకా జీవితంలో ఒక్కసారే వేస్తారు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద అది ఉచితం. చెవిపోగు నంబరుతో పాటు టీకా తేదీని కూడా తల్లి ఈనిన తేదీ పక్కనే రాసిపెట్టుకోండి. తల్లి మళ్ళీ ఎదకొస్తే, ఈనిన 60 రోజులు నిండాకే సూది వేయించండి.